సర్కారు ఎక్కడుంటుంది?

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలో, మహారాష్ట్రను ఆనుకుని ఉన్న గుట్టల మీద పరందోళి, అంతాపూర్ అని రెండు పంచాయతీలున్నాయి. ముకదంగూడ, మహారాజ్‌గూడ, భోలాపటార్... ఇలా ఓ డజను పల్లెలు వాటి కిందికి వస్తాయి. ఇక్కడ ఏ ఇంట్లో అడిగినా రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు బయటికి రావడం మామూలే. ఒకటి తెలంగాణది, ఇంకొకటి మహారాష్ట్రది. ఊళ్లో తెలుగు బడి ఉంటుంది, మరాఠీ బడీ ఉంటుంది. అంగన్‌వాడీలు రెండు. సర్పంచులూ ఇద్దరే. తెలంగాణ లెక్కలో ఈ పల్లెలు ఆసిఫాబాద్ నియోజకవర్గంలో ఉన్నాయి. మహారాష్ట్ర లెక్కలో చంద్రపూర్ జిల్లా జివతి తాలూకాలో, రాజురా నియోజకవర్గంలో ఉన్నాయి.

2019 లోక్‌సభ ఎన్నికలు చంద్రపూర్‌లోనూ ఆదిలాబాద్‌లోనూ ఒకే రోజు, ఏప్రిల్ 11న జరిగాయి. 2024లో అటువైపు ఏప్రిల్ 19న అయితే, ఇటువైపు మే 13న. మధ్యలో ఇరవై నాలుగు రోజులు. రెండు ప్రభుత్వాల ఎన్నికల సిబ్బందీ వచ్చి బూతులు పెట్టారు, రెండు వైపుల అభ్యర్థులూ వచ్చి దండాలు పెట్టారు. ఒక మనిషి పేరు రెండు నియోజకవర్గాల జాబితాల్లో ఉండకూడదని చట్టం చెబుతుంది. నిజమే. కానీ ఆ మనిషి చేసిన తప్పేమిటి? ఇల్లు కదల్లేదు, చేను కదల్లేదు. రెండు ప్రభుత్వాలే నడిచి వచ్చి ఆ గడపలో నిలబడ్డాయి.

ఇంటర్‌లో పౌరశాస్త్రం చదివినవాళ్లకు ఒక పాఠం గుర్తుండే ఉంటుంది. రాజ్యానికి నాలుగు లక్షణాలు: ప్రజలు, భూభాగం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం. పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న కాబట్టి అందరూ బట్టీ పట్టినదే. ఐరోపాలో ముప్పై ఏళ్ల యుద్ధం ముగిశాక 1648లో వెస్ట్‌ఫాలియా ఒప్పందాలు కుదిరాయి. ఒక నేల మీద ఒకే అధికారం అన్న ఆలోచనకు అక్కడే పునాది పడిందని చాలామంది చెబుతారు. ఆ తర్వాత 1919లో జర్మనీ పండితుడు మాక్స్ వెబర్ మ్యూనిచ్‌లో ఉపన్యసిస్తూ ఇంకాస్త కటువుగా చెప్పాడు. ఒక భూభాగంలో బలప్రయోగం చేసే హక్కు తనకు మాత్రమే ఉందని చెప్పుకుని, ఆ మాట నెగ్గించుకోగలిగినదే రాజ్యమని ఆయన సూత్రం.

నిక్కచ్చిగా చూస్తే తెలంగాణ, మహారాష్ట్ర రాజ్యాలు కావు, రాష్ట్రాలు. సార్వభౌమాధికారం భారతదేశానిది. కానీ పల్లెటూరి మనిషికి రోజూ తగిలే బియ్యం, భూమి, బడి, పోలీసు... అన్నీ రాష్ట్రం చేతిలోవే. మాటలు కూడా ఇక్కడ తమాషాగా తిరగబడతాయి. మన రాష్ట్రాన్ని మరాఠీలో ‘రాజ్య’ అంటారు. మరాఠీలో ‘రాష్ట్ర’ అంటే దేశం. ఒకే ఊరి పిల్లలు రెండు బడుల్లో ఈ మాటలకు రెండు అర్థాలు నేర్చుకుని వస్తారన్నమాట. రెండు భాషలవాళ్లకూ కలిసే మాట ఒకటే ఉంది: సర్కారు. అది పార్సీ నుంచి వచ్చింది. పుస్తకంలోని రాజ్యం కంటే ఉత్తర తెలంగాణ జనానికి బాగా తెలిసింది ఈ సర్కారే.

ఆ సర్కారు ఎక్కడుంటుందని మూడు తరాల కింద అడిగి ఉంటే ఎవరైనా వేలెత్తి చూపించేవాళ్లు.

ఊళ్లోనే ఉండే సర్కారు

నిజాం కాలంలో కరీంనగర్ పల్లెలో సర్కారంటే ముగ్గురు మనుషులు. శిస్తు వసూలు చేసే మాలీ పటేల్, తగవులూ నేరాలూ చూసే పోలీసు పటేల్, లెక్కలు రాసే పట్వారీ. ముగ్గురివీ వంశపారంపర్య ఉద్యోగాలు. పహాణీలో పట్వారీ ఏం రాస్తే భూమి అదే. ఇవాళ నీ పేరు, రేపు ఇంకొకరి పేరు. వీళ్లందరి వెనక గడీలో దొర. దొరే పటేల్ అయిన ఊళ్లూ ఉన్నాయి. వెట్టి చాకిరీ ఎంత చేయాలో, ఏ పెళ్లికి ఎంత కట్టాలో, ఏ తగాదాకు ఎంత జరిమానా పడాలో అక్కడే తేలేది.

పాఠ్యపుస్తకం చెప్పే ‘ఒకే అధికారం’ ఆనాడు పై స్థాయిలోనూ లేదు. హైదరాబాద్ రాజ్యంలో దివానీ భూములు వేరు, నిజాం సొంత ఖర్చులకు పెట్టుకున్న సర్ఫేఖాస్ భూములు వేరు, పాయిగాలూ జాగీర్లూ వేరు. పెద్ద పెద్ద జాగీర్లకు సొంత పోలీసు, సొంత కోర్టులు కూడా ఉండేవి. 1949లో జాగీర్లు రద్దయ్యేదాకా ఒకే నిజాం కింద ఎన్నో చిన్న సర్కార్లు నడిచాయి. ఆధునిక రాజ్యం బీటలు వారుతోందని ఇవాళ కంగారు పడేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఈ నేల మీద అది బీటలు లేకుండా ఉన్న కాలమే చాలా తక్కువ.

ఆదిలాబాద్ అడవుల్లో సర్కారు ముఖం ఇంకొకటి. అక్కడ అది జంగ్లాత్ జవాను. అడవిని రిజర్వు చేశామన్న రోజున, తాతల నాటి నుంచి పోడు కొట్టుకుంటున్న గోండులు, కొలాములు రాత్రికి రాత్రి దొంగలయ్యారు. పశువులు మేస్తే పన్ను, కట్టె కొడితే పన్ను. కచేరీలో కాగితం నడిపించడం తెలిసిన మైదాన ప్రాంతాల వాళ్లకు పట్టాలు వచ్చాయి, దున్నుకున్నవాళ్లకు రాలేదు. కుమురం భీం తిరగబడింది ఈ సర్కారు మీదే. పన్నెండు గూడేల మీద పెత్తనం గూడేలవాళ్లదే కావాలని ఆయన అడిగాడని ఆ పోరాటపు కథ చెబుతారు. 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసుల కాల్పుల్లో ఆయన చనిపోయాడు. జోడేఘాట్ ఉన్నది కెరమెరి మండలంలోనే. ఒకనాడు పన్నెండు గూడేలను తమకు వదిలేయమని అడిగిన చోటే, నేడు ఓ డజను పల్లెలను మాకంటే మాకని రెండు ప్రభుత్వాలు లాక్కోవడం కాకతాళీయమే కావచ్చు.

భీం చనిపోయాక నిజాం ప్రభుత్వం చేసిన ఒక పని గురించి చెప్పుకోవాలి. ఈ మనుషులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను గూడేలకు పంపింది. ఆయన భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. భాష నేర్చుకున్నాడు. అడిగాడు, విన్నాడు, రాసుకున్నాడు. ఆ తర్వాతే గోండీలో చదువు చెప్పే బడులు, గిరిజనులకు పట్టాలు మొదలయ్యాయి. ఆ దంపతుల సమాధులు ఇవాళ్టికీ మార్లవాయిలోనే ఉన్నాయి. ఆ గూడేలకు తీసుకోవడానికి కాక వినడానికి వచ్చిన సర్కారు మనుషుల్లో మొదట చెప్పుకునే పేరు ఆయనదే. ఏ రాజనీతి గ్రంథంలోనూ రాజ్యానికి ‘వినడం’ ఐదో లక్షణమని రాయలేదు కాబట్టి, ఆ పని మళ్లీ మళ్లీ ఆగిపోతూ వచ్చింది.

పగలొకటి, రాత్రొకటి

వెబర్ సూత్రాన్ని పరీక్షించి చూడాలంటే 1970ల చివరి నుంచి పాతికేళ్ల పాటు కరీంనగర్ జిల్లాను మించిన చోటు దొరకదు. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. కూలీలు, పాలేర్లు వేల మంది పట్నంలోకి నడిచి వచ్చారు. దొరల ఇళ్లకు చాకలి, మంగలి, పాలేరు వెళ్లడం మానేశారు. దొరలు ఊళ్లు వదిలారు. అక్టోబరుకల్లా ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఊళ్లో ఉండే పాత సర్కారు అలా కూలిపోయింది. దాని స్థానంలోకి రెండు వచ్చాయి. పగలు పోలీసులు, రాత్రి అన్నలు.

భూమి తగాదా, మొగుడూ పెళ్లాల గొడవ, కూలి రేటు... అన్నీ సంఘం దగ్గరే తేలిన ఊళ్లున్నాయి. తాలూకా కోర్టులో పదేళ్లు తేలనిది ప్రజాకోర్టులో ఒక రాత్రిలో తేలేది. తీర్పు ఎంత వేగమో శిక్షా అంతే వేగం. దాని మీద అప్పీలుండదు. అన్నం పెట్టమని రాత్రి ఒకరు తలుపు కొడితే, ఎందుకు పెట్టావని తెల్లారి ఇంకొకరు కొట్టేవాళ్లు. బలప్రయోగం మీద ఒక్కరికే హక్కుండాలన్న మాటకు అర్థమేమిటో ఆ తలుపు వెనక నిలబడ్డ తల్లులకు ఏ పండితుడూ చెప్పాల్సిన అవసరం లేకపోయింది. 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో ప్రభుత్వమూ మావోయిస్టులూ ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని మాట్లాడుకున్నారు. రాజ్యం తనకు పోటీగా నిలిచినవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకున్న అరుదైన సందర్భం అది. కొద్ది నెలలకే అదీ విఫలమైంది. అప్పటి తరంలో పేరు మోసిన పెద్దపల్లి వాసి మల్లోజుల వేణుగోపాల్ 2025 అక్టోబరులో గడ్చిరోలిలో లొంగిపోయాడు. ఆయుధాలు ఇచ్చింది తెలంగాణ ముఖ్యమంత్రికి కాదు, మహారాష్ట్ర ముఖ్యమంత్రికి.

ఆదిలాబాద్ వైపు గుర్తుండిపోయిన తేదీ 1981 ఏప్రిల్ 20. భూముల సమస్య మీద ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం చెప్పిన లెక్క పదమూడు మంది. అంతకు ఎన్నో రెట్లు చనిపోయారని గూడేలు చెప్పాయి. ఆ తర్వాత చాలా ఏళ్లు ఏప్రిల్ 20 వస్తే ఆ స్తూపం చుట్టూ ఆంక్షలే. 2024 ఫిబ్రవరిలో అదే స్తూపం దగ్గర రాష్ట్ర ముఖ్యమంత్రి నివాళులర్పించారు. భీం విషయంలోనూ అంతే. 1940లో ఒక సర్కారు కాల్చి చంపిన మనిషి పేరును 2016లో ఇంకో సర్కారు తన జిల్లాకు పెట్టుకుంది. కాల్చిన చేయే దండ వేయడం ప్రజాస్వామ్యంలో చిన్న విషయం కాదు. కానీ దండ వేసిన చేయి దరఖాస్తు కూడా తీసుకుంటుందా అనేది వేరే ప్రశ్న.

చేయి తిరగబడింది

అసలు పెద్ద మార్పు తుపాకులతో రాలేదు, బియ్యంతో వచ్చింది. వేల ఏళ్లుగా రాజ్యం అనేది పొలం గట్టు మీదికి వచ్చేది ఒక్క పనికే: పంటలో వాటా తీసుకుపోవడానికి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం మొదలయ్యాక చేయి తిరగబడింది. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది. 1985లో మండలాలు వచ్చి తాలూకా కచేరీ దూరం తగ్గింది. 2016 దసరా నాడు పాత ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది. పాత కరీంనగర్‌లోంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల విడివడ్డాయి, కొన్ని మండలాలు పక్క జిల్లాలకు పోయాయి. అప్పటిదాకా బెజ్జూరు, సిర్పూరు వైపు నుంచి ఆదిలాబాద్ కలెక్టరేట్‌కు వెళ్లి రావాలంటే ఒక రోజు కూలి పోయేది. పైగా బస్సు చార్జీ.

2018 మే 10న హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలైంది. ఎకరానికి నాలుగు వేలు. మొదటిసారి అధికారులు ఊళ్లలో టేబుళ్లు వేసుకుని కూర్చుని, పేరు పిలిచి, చెక్కులు చేతికిచ్చారు. తర్వాత అదీ అక్కర్లేదన్నారు. డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడడం, ఫోన్ టింగుమనడం. 2025 నుంచి రైతుభరోసా అనే పేరుతో పంటకు ఎకరానికి ఆరు వేలని ప్రకటించారు. శిస్తు కోసం గడీ ముందు తలపాగా తీసి నిలబడ్డ రైతు మనవడికి సర్కారే ఎదురు డబ్బులు వేయడం మామూలు మార్పు కాదు. దీన్ని చిన్నచూపు చూసేవాళ్లు వెట్టి అంటే ఏమిటో ఇంట్లో పెద్దలను ఓసారి అడగాలి.

అయితే ఆ డబ్బు పడేది చేనుకు కాదు, పాసుపుస్తకానికి. దున్నే కౌలురైతుకు రైతుబంధు రాలేదు, ఎందుకంటే కాగితంలో అతను లేడు. పట్టా లేని పోడు రైతుకూ రాలేదు. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలై, రాష్ట్రంలో నాలుగు లక్షల ఎకరాలకు పైగా పట్టాలు ఇచ్చాక కొందరికి దారి తెరుచుకుంది. ఇచ్చే రాజ్యానికి తీసుకునే రాజ్యం కంటే ఒక అదనపు అవసరం ఉంది. తన ఎదురుగా ఉన్న మనిషి ఎవరో దానికి గుర్తు పట్టాలి. పన్ను ఎవరు కట్టినా ఖజానాకు ఒకటే. బియ్యం మాత్రం ఫలానా వాళ్లకే ఇవ్వాలి.

ఆ గుర్తింపు కోసమే 2010లో ఆధార్ వచ్చింది. పన్నెండు అంకెలు, పది వేళ్లు, రెండు కళ్లు. రేషన్ దుకాణంలో వేలిముద్ర మిషను వచ్చాక దొంగ కార్డుల బెడద తగ్గింది, డీలరు చేతివాటం తగ్గింది. ఈ మాట ఒప్పుకోవాలి. కానీ బీడీలు చుట్టీ చుట్టీ వేళ్లు నున్నబడ్డ ఆడవాళ్లున్న జిల్లా ఇది. పత్తి ఏరి, గడ్డ పార పట్టి గీతలు అరిగిన చేతులు. గుట్ట మీద సిగ్నల్ కోసం చెట్టెక్కే పల్లెలు. మండల కేంద్రంలో మీసేవ దగ్గర కాసేపు నిలబడితే ఇలాంటి సంభాషణ వినపడకుండా పోదు:

‘‘అవ్వా, సర్వర్ డౌనున్నది. రేపు రా.’’

‘‘నిన్న గూడ గదే అంటివి గద బిడ్డా. గా సర్వరోల్లు యాడుంటరో చెప్పు, నేనే పోయి అడుగుత.’’

అందరూ నవ్వుతారు. నవ్వాల్సిన మాట కాదది. సర్కారు ఎక్కడుంటుందన్న ప్రశ్నకు మూడు తరాల కింద జవాబుండేది, ఇప్పుడు లేదు. పట్వారీ లంచగొండి కావచ్చు, దొర తొత్తు కావచ్చు. ఆ రోజులు మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు. కానీ అతనికో ఇల్లుండేది. కడుపు మండితే వెళ్లి ఆ ఇంటి ముందు మన్నెత్తి పోయగలిగేవాళ్లు. జగిత్యాలలో దొరల మీద జనం తిరగబడగలిగారంటే, సర్కారుకు ఒక గడీ, దానికో తలుపు ఉండబట్టే. సర్వర్‌ను సాంఘికంగా బహిష్కరించడం ఎలా?

భూమి విషయంలో ఈ బాధ ఎక్కువ తెలిసింది. 2020 సెప్టెంబరులో గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థను తీసేశారు. అక్టోబరు 29న ధరణి వచ్చింది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే పూటలో అయిపోవడం చాలామందికి నిజంగా మేలే చేసింది. రికార్డు సరిగ్గా ఉన్నవాళ్లకు. సర్వే నంబరు తప్పు పడినవాళ్లకు, సొంత పట్టా భూమి నిషేధిత జాబితాలో కనిపించినవాళ్లకు మాత్రం తహసీల్దార్ కూడా, ‘‘నా చేతిలో ఏమీ లేదు, ఆప్షన్ లేదు’’ అనేవాడు. పహాణీలో ఉండే అనుభవదారు కాలమ్ కొత్త రికార్డులో లేకుండా పోయింది. పట్వారీ కాలంలో పేరు మార్చి రాసేవాళ్లు. ఇక్కడ ఆ గడినే తీసేశారు. ఎవరు దున్నుతున్నారన్న ప్రశ్న రాజ్యానికి అక్కర్లేనిదైపోయింది.

ఇది ఒక్క తెలంగాణ కథ కాదు. బాల్టిక్ సముద్రం పక్కనున్న ఎస్తోనియా అనే చిన్న దేశం 2014 నుంచి తన నేల మీద ఎన్నడూ కాలుపెట్టని విదేశీయులకు కూడా ఈ-రెసిడెన్సీ అని డిజిటల్ గుర్తింపు కార్డులు ఇస్తోంది. భూభాగం లేకుండానే రాజ్యంతో సంబంధం! మన వైపు దానికి పాత రూపం ఒకటుంది, కాకపోతే చెమట వాసనతో. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల నుంచి దుబాయికి, సౌదీకి పోయిన కొడుకులు ఏళ్ల తరబడి ఇంకో రాజ్యం చట్టాల కింద బతుకుతారు. అక్కడ కఫీల్ ఒప్పుకోకపోతే కదలలేని రోజులుండేవి. వాళ్లు పంపే డబ్బుతోనే ఊళ్లో స్లాబు పడుతుంది. వాళ్ల పేరు ఇక్కడి రేషన్ కార్డులో ఉండాలా, తీసేయాలా అన్న తగువు ఇంట్లో ఆగదు. పౌరుడు ఒకచోట, పాసుపుస్తకం ఒకచోట. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం ఐదు లక్షల సాయం ఇవ్వడం మొదలుపెట్టిందంటే, సరిహద్దు దాటినా బాధ్యత దాటదని ఎంతో కొంత ఒప్పుకున్నట్టే.

రామగుండం ఎరువుల కర్మాగారం సంగతి ఇంకో రకం. అప్పట్లో సర్కారు తానే యజమాని. 1999లో నష్టాలతో మూతపడింది. అదే స్థలంలో 2021లో మళ్లీ యూరియా తయారీ మొదలైనప్పుడు, కంపెనీలో కేంద్ర సంస్థలతో పాటు రాష్ట్ర ప్రభుత్వానికీ, డెన్మార్కుకు చెందిన భాగస్వాములకూ వాటాలున్నాయి. ఎరువు బస్తా మీద సర్కారు ముద్రే ఉంటుంది, గేటు దగ్గర అడిగితే మాత్రం ఎవరి వాటా ఎంతో చెప్పడానికి కాగితం చూడాలి.

కార్డులున్నాయి, పట్టా లేదు

కెరమెరి గుట్టల పల్లెల్లో కనిపించేది ఈ మార్పు మొత్తానికీ కుదించిన రూపం. ఎక్కువ కుటుంబాలు మరాఠీ మాట్లాడేవి. 1956లో రాష్ట్రాల హద్దులు గీసినప్పటి చిక్కు ఆ తర్వాతి దశాబ్దాల్లో వివాదమై కోర్టుల దాకా వెళ్లింది, కాగితం మీద ఏది ఎలా తేలినా నేల మీద రెండు ప్రభుత్వాలూ కొనసాగాయి. పాతకాలంలో రాజ్యాలు హద్దు కోసం కొట్లాడితే ఊళ్లు తగలబడేవి. ఇప్పుడు కొట్లాట పథకాలతో. ఒకరు రోడ్డు వేస్తే ఒకరు నీళ్ల ట్యాంకు కడతారు. బయటివాళ్లు దీన్ని చూసి, ‘రెండు చేతులా తింటున్నారు’ అని వేళాకోళం చేస్తారు. అది పైకి కనిపించే సంగతి. ఇన్ని కార్డులున్న ఆ ఇళ్లలో చాలాకాలం లేనిది ఒకటే: దున్నుకుంటున్న భూమికి పట్టా. అడవి భూమి అని ఇద్దరూ పక్కకు జరిగారు. ఓటరుగా గుర్తించడానికి పోటీ పడ్డ ఇద్దరూ, హక్కుదారుగా గుర్తించాల్సి వచ్చేసరికి రెండోవాళ్ల వైపు వేలు చూపించారు. పట్టా లేకపోతే బ్యాంకు అప్పు లేదు, పంట పెట్టుబడి సాయం లేదు, పత్తి అమ్మబోతే పాసుపుస్తకం ఏదని అడుగుతారు.

హద్దు చిక్కులు లోకంలో ఇంకా ఉన్నాయి. బెల్జియం, నెదర్లాండ్స్ మధ్య బార్లే అనే ఊళ్లో సరిహద్దు కొన్ని ఇళ్ల మధ్య నుంచే పోతుంది. అక్కడ పర్యాటకులు ఫోటోలు దిగుతారు. భారత్, బంగ్లాదేశ్ మధ్య 162 ‘ఛీట్‌మహల్’ ముక్కలుండేవి, ఒక దేశం మధ్యలో ఇంకో దేశపు పల్లెలు. వాళ్లకు ఏ దేశపు కార్డూ లేని బతుకు. 2015 జులై 31 అర్ధరాత్రి వాటిని మార్చుకున్నారు, ఏ దేశం కావాలో అక్కడివాళ్లను అడిగారు. ఛీట్‌మహల్‌లో రాజ్యం రాకపోవడం కష్టమైతే, కెరమెరిలో రెండు రావడం కష్టం. 2025లో మహారాష్ట్ర ప్రభుత్వం ఈ పల్లెలను పూర్తిగా చంద్రపూర్ జిల్లాలో కలుపుకునే ప్రక్రియ మొదలుపెడుతున్నట్టు ప్రకటించింది. తెలంగాణలో అభ్యంతరాలు వచ్చాయి. హద్దు రాయి ఎక్కడ పాతాలన్న దాని మీద మంత్రులు మాట్లాడారు. ఛీట్‌మహల్‌లో అడిగినట్టు, ఊరివాళ్లను కూర్చోబెట్టి అడగాలన్న మాట పెద్దగా వినిపించలేదు.

అడగడం అసాధ్యమేమీ కాదు. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ఆ ఎండాకాలంలో రెవెన్యూ సదస్సుల పేరుతో తహసీల్దార్లు ఊరూరా తిరిగారు. చెట్టు కిందో, బడి వరండాలోనో బల్ల వేసుకుని కూర్చుని కాగితం మీద దరఖాస్తులు తీసుకున్నారు. రాష్ట్రమంతటా లక్షల్లో వచ్చాయి. సెప్టెంబరు 5న గ్రామ పాలన అధికారులకు నియామక పత్రాలు ఇచ్చారు. అంటే 1984లో పట్వారీని తీసేసి, తర్వాత పేర్లు మారుస్తూ ఇంకొకరిని పెట్టి, 2020లో అతన్నీ తీసేసి కంప్యూటర్‌ను కూర్చోబెట్టిన సర్కారు, ఐదేళ్లకు మళ్లీ ఊరికో మనిషిని వెతుక్కుంది. ఈసారి ఉద్యోగం వంశపారంపర్యం కాదు. కొత్త మనిషి పాత పట్వారీ అవుతాడా, హైమండార్ఫ్ అవుతాడా అన్నది ఊరు చూస్తుంది.

ఆ సదస్సులకు వచ్చినవాళ్లలో చాలామంది చేతుల్లో యూరియా సంచిలో చుట్టిన కాగితాలున్నాయి. ఉర్దూలో రాసిన పాత పహాణీ నకళ్లు, తెల్లకాగితం మీద కొన్న సాదాబైనామాలు, తాత వేలిముద్రలు, గులాబీ రంగు పాసుపుస్తకం, దాని మీద తర్వాత వచ్చిన ఆకుపచ్చ పాసుపుస్తకం. ఒక్కో సర్కారు ఇచ్చిపోయిన ఒక్కో కాగితం. దరఖాస్తు ఇచ్చాక వాళ్లు వెంటనే కదలలేదు. బల్ల అవతలి మనిషి తన పేరును రిజిస్టర్‌లో రాస్తున్నాడో లేదో మెడ చాచి చూసి, రసీదు చేతికొచ్చాకే పక్కకు జరిగారు.